పొట్లం గడువు తీరిందట

మా ఊరి విశ్వవిద్యాలయంలో జీవసాంకేతిక పరిశోధన సంస్థ ఒకటుంది. ఏడాది పొడుగునా కార్డు గీకితే తప్ప దాని తలుపులు తెరుచుకోవు. ఒక్క శనివారం మాత్రం జనం కోసం బార్లా తెరుస్తారు. ఆ రోజు ఐస్‌క్రీం కారుతున్న చేతులతో పిల్లలు లోపలికి దూరి మైక్రోస్కోపులన్నిటికీ వేలిముద్రలు వేసి వస్తారు. దీన్ని "విజ్ఞానం ప్రజల ముంగిట" అంటారు. ముంగిట వరకూ వచ్చిన విజ్ఞానానికి మర్యాద చెయ్యాలి గనక మా వీధి ఆడవాళ్లం స్వచ్ఛంద సేవకులకిచ్చే గులాబీరంగు జాకెట్లు బట్టల మీద తొడుక్కుని ముల్లంగి కేకు వేయించి పెడతాం, టీ పోస్తాం. ఆ జాకెట్టు గురించి ఒక మాట ముందే చెప్పాలి. అది వేసుకున్న నడివయసు ఆడదాన్ని మా దేశంలో ఏ తలుపు దగ్గరా ఎవరూ ఆపరు. ఆపడం మాట అటుంచి, అసలు చూడరు.

ఈ ఏడు సంస్థ సాధించిన ఘనకార్యం అరటి. చిషాన్ కొండల కింద తోటల్ని ఎండుతెగులు ఏళ్ల తరబడి తినేస్తోంది. దాన్ని తట్టుకునే మొక్కను తయారుచేశామని డైరెక్టరు ప్రొఫెసర్ లియావ్ పేపర్లకి చెప్పాడు. అందుకని గుమ్మంలో రెండంతస్తుల ఎత్తు గాలిబొమ్మ ఒకటి నిలబెట్టారు. పేరు అరటిబాబు. తెల్లకోటు, కళ్లజోడు. ఆ కళ్లజోడు అచ్చం డైరెక్టరుగారిది లాగే ఉందని నేనంటే, పక్కన టీ పోస్తున్న కువో వదిన "బొమ్మకే కాస్త తెలివైన మొహం ఉంది" అంది.

మా అమ్మాయి అయూన్ ఆ సంస్థలోనే నాలుగేళ్లుగా పరిశోధన చేస్తోంది. దాని పని మట్టి. తోటంతా మాడిపోయినా మధ్యలో ఏ ఒక్క చెట్టో పచ్చగా నిలబడి ఉంటుంది చూడండి, ఆ చెట్టు వేళ్ల దగ్గర ఏముందో కనిపెట్టాలి. స్కూటరు మీద ఊరూరూ తిరిగింది. మట్టీ వేళ్లూ చిన్న గొట్టాల్లో తెచ్చి, మంచుకంటే ఎన్నో రెట్లు చల్లగా ఉండే పెద్ద ఫ్రీజరులో దాచింది. హోంగ్ తాతని ఒకాయన దీన్ని "మట్టిపిల్లా" అని పిలిచి, వెళ్లినప్పుడల్లా ఒక గెల స్కూటరుకి కట్టి పంపేవాడు. ఇంట్లో అరటిపండు తినలేక మా ఆయన స్కూటర్ల రిపేరు షాపులో వచ్చినవాళ్లకల్లా పంచేవాడు. పోయిన చలికాలం హోంగ్ తాత పోయాడు. కొడుకులు తోట కొట్టించి సోలారు పలకలు పాతించారు. అంటే ఆ తోట మట్టి ఇక ఆ ఫ్రీజరులో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

శనివారం అయూన్‌ని ఫ్రీజరు దరిదాపులకు పోనివ్వలేదు. నెత్తిన కాగితపు అరటి టోపీ పెట్టి, గేటు దగ్గర పిల్లలకి బుడగలు ఊదమన్నారు. నాలుగేళ్ల పరిశోధకురాలు సాయంత్రం దాకా బుడగలూదింది. లోపల స్టేజీ మీద లియావ్ మాస్టారు మైకు పట్టుకుని, "ఇది సైన్సు ఇల్లు. ఇక్కడ మూఢనమ్మకాలకి చోటు లేదు" అని ఉపన్యసించాడు. ఆయన వెనకే బల్లమీది ప్రతి యంత్రం నెత్తినా ఒక ఆకుపచ్చ పొట్లం కూర్చుని వింటోంది.

ఆ పొట్లం సంగతి మాకెవరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. మొక్కజొన్న పిండితో చేసిన పిల్లల చిరుతిండి. దాని పేరే "బుద్ధిగా ఉండు". యంత్రం మీద పెడితే యంత్రం బుద్ధిగా ఉంటుంది. ఆకుపచ్చదే పెట్టాలి. పసుపుదో ఎర్రదో పెట్టారో, అలుగుతుంది. దాన్ని ఎవరూ తినకూడదు, గడువు దాటనివ్వకూడదు. బ్యాంకుల్లో పెడతారు, ఆసుపత్రుల్లో పెడతారు. మా ఆయన షాపులో గాలికొట్టే యంత్రం మీద కూడా ఒకటుంది. నేను రసాయనశాస్త్రంలో డిగ్రీ చదివినదాన్నే. అయినా కుక్కర్ పాడైన వారం దాని మీదా ఒకటి పెట్టాను. ఎందుకొచ్చిన గొడవ!

సోమవారం పొద్దెక్కకుండానే అయూన్ ఇంటికొచ్చేసింది. హెల్మెట్ తియ్యకుండా వంటింట్లో నిలబడింది.

"అమ్మా, ఫ్రీజరు కరిగిపోయింది."

"ఎవరిది?"

"నాది."

హెల్మెట్ నేనే తీశాను. లోపల మొహం ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉంది.

పొద్దున్న వెళ్లేసరికి ఫ్రీజరు నడుస్తూనే ఉందట. కానీ గొట్టాల్లో ఉన్నవన్నీ ఒకసారి కరిగి నీళ్లై, మళ్లీ అడ్డదిడ్డంగా గడ్డకడుతున్నాయట. తనంతట తాను ఆగింది, తనంతట తాను నడిచింది. గదిలో ఉన్నవాళ్లంతా చదువుకున్నవాళ్లు. ఏం చేశారనుకున్నారు? ఒకడు స్టూలెక్కి ఫ్రీజరు నెత్తిమీది పొట్లం దింపాడు. వెనక్కి తిప్పి చూశాడు. గడువు శుక్రవారంతో తీరిపోయింది.

"ఆఁ, అదీ సంగతి!" అన్నారట అందరూ. ఊపిరి పీల్చుకున్నారట.

"నవ్వులాటకి అన్నారేమోనే," అన్నాను.

"మొదట నవ్వారమ్మా. తర్వాత లియావ్ మాస్టారు వచ్చారు. ఆయన నవ్వలేదు. పొట్లాలు మార్చే వంతు ఈ నెల ఎవరిదని అడిగారు."

వంతు అయూన్‌ది. కొత్త పొట్లం అది ముందే కొని సొరుగులో పెట్టుకుంది. శనివారం ప్రశ్నల పోటీలో బహుమతులు చాలక ప్రచార విభాగం చువాంగ్ సొరుగులన్నీ వెతికి, ఆ పొట్లం తీసి ఎవరో బుడతడికిచ్చేశాడు. అరటి ఏ ఖండంలో పుట్టిందంటే వాడు "బజార్లో" అన్నాడట. అందరూ చప్పట్లు కొట్టి, మా అమ్మాయి పొట్లం వాడి చేతిలో పెట్టారు.

"ఆ ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్పాను. 'సాకులు చెప్పకు, రోజువారీ బాధ్యత అంటే ఇదే' అన్నారు. ఒక కాగితం ఇచ్చారు. నా అజాగ్రత్త వల్ల పరికరం ఆగిందని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. వచ్చే నెల మంత్రిత్వశాఖ వాళ్లు వస్తున్నారు, ఫలితాల ప్రదర్శన ఉంది. అది అయ్యేలోగా పెట్టాలి."

"పెడితే?"

"నా పేరు మీద అది ఉండిపోతుంది. స్టైపెండ్ ఆగుతుంది. ఇంకే ల్యాబులోనూ చేర్చుకోరు. పెట్టకపోతే మాస్టారు నా థీసిస్ మీద సంతకం పెట్టరు."

అది గదిలోకి పోయి తలుపేసుకుంది. నేను ముల్లంగి తరగడం మొదలుపెట్టాను. ఆ వేళ మా ఇంట్లో ముల్లంగితో పనేమీ లేదు. అయినా తరిగాను.

నాకు అసలు కోపం నెపం పొట్లం మీద పెట్టినందుకు కాదు. యంత్రం ఆగితే పొట్లం వైపు చూడ్డం మనందరికీ ఉన్న జబ్బే. చూసి, నవ్వుకుని, తర్వాత ప్లగ్గు చూడాలి. వీళ్లు ప్లగ్గు చూడలేదు. పొట్లం దగ్గరే ఆగిపోయారు, ఎందుకంటే అక్కడ ఒక పిల్ల పేరు దొరికింది. మూఢనమ్మకాలకి చోటు లేదన్న పెద్దమనిషికి, తప్పు తోసెయ్యడానికి చోటు కావాల్సి వచ్చేసరికి మూఢనమ్మకమే ఆసరా అయింది.

ఆ వారంలోనే సంస్థ పేజీలో శనివారం ఫోటోలు పెట్టారు. అలాంటి ఫోటోలు లోకంలో ఎవరూ చూడరు, అందులో ఉన్నవాళ్లు తప్ప. నేను చూశాను. గులాబీ జాకెట్టులో లావుగా కనిపిస్తున్నానా అని. కనిపిస్తున్నాను. కానీ ఆ ఫోటోలోనే, లియావ్ మాస్టారు పిల్లలతో నవ్వుతూ నిలబడ్డ చోట, వెనక ల్యాబు తలుపు తెరిచి ఉంది. గుమ్మం దగ్గరి అరటిబాబుకి గాలి కొట్టే యంత్రం నుంచి నారింజరంగు తీగ ఒకటి నేలమీద పాకుతూ ఆ తలుపులోకి పోయింది. గోడకున్న సాకెట్టులో దూరింది. దాని కింద లావుపాటి నల్ల ప్లగ్గు ఒకటి నేలమీద చచ్చిన పాములా పడి ఉంది. ఫ్రీజరు మీద అంకెలు వెలిగే చోట చీకటి. ఆకుపచ్చ పొట్లం మాత్రం నెత్తిన బుద్ధిగా కూర్చుని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఉపన్యాసం మధ్యలో ఎక్కడో కీచుకీచుమని మోగింది. నా టీ నీళ్ల కెటిలు అనుకుని మంట తగ్గించాను. చువాంగ్ "ఎవరయ్యా అది, మాస్టారి మాట వినపడట్లేదు!" అంటూ లోపలికి పరిగెత్తాడు. మోత ఆగింది. ఆ మోత ఫ్రీజరు కేక. నోరు నొక్కేశారు. శనివారం, ఆదివారం అలాగే ఉంది. సోమవారం పొద్దున్నే చువాంగ్ మనుషులు తీగలు చుట్టుకుపోతూ నల్ల ప్లగ్గు మళ్లీ గుచ్చి ఉంటారు. ఏమీ ఎరగనట్టు.

అయూన్‌ని పిలిచి చూపించాను. నారింజ తీగ వెంట చివరిదాకా వేలు జరిపింది. తర్వాత, "గాలిబొమ్మ కోసమా?" అంది. అంతే.

మర్నాడు ఆ ఫోటో పట్టుకుని చువాంగ్ దగ్గరికి వెళ్లింది. "ఫోటో స్పష్టంగా లేదమ్మాయ్, తీగ ఎటు పోయిందో ఎవరికి తెలుసు" అన్నాడట. అది మెట్లు దిగేలోపే పేజీలోంచి ఫోటో మాయమైంది. లియావ్ మాస్టారైతే, "ప్లగ్గు విషయం పక్కన పెట్టు. క్రమశిక్షణ విషయం మాట్లాడుకుందాం. ప్రదర్శన ముందు సంస్థ పరువు పోనివ్వకు, నీకు నేను అన్యాయం చెయ్యను" అన్నాడట.

"పరువు ఫ్రీజరులో పెట్టుకోమని చెప్పకపోయావా?" అన్నాను.

"అమ్మా, నువ్వు కలగజేసుకోకు. ప్లీజ్. నేను సంతకం పెట్టేస్తాను. అలిసిపోయాను."

ప్రదర్శనకి ముందురోజు సాయంత్రం పాట వాయిస్తూ చెత్తబండి వచ్చింది. సంచులు పట్టుకుని వీధంతా బయటికొచ్చింది. కువో వదినతో చెప్పాను. ఆవిడ సంచీ బండిలోకి విసిరి, "రేపు ప్రదర్శనలో టీ మనదేగా?" అంది.

"మనదే."

"అరటిబాబుని మళ్లీ పెడుతున్నారటగా?"

"ఈసారి స్టేజీ పక్కనే."

ఆవిడ నా మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు. మంచి పొరుగు అంటే అదీ.

మర్నాడు వేదిక కళకళలాడింది. మొదటి వరసలో మంత్రిత్వశాఖ నుంచి వచ్చిన పెద్దావిడ, పొట్టి జుట్టు, మాటకి ముందు రాసుకునే అలవాటు. వెనక వరసల్లో రైతులు, విద్యార్థులు, మా వీధివాళ్లు. అయూన్ చివరి వరసలో కూర్చుంది. కాగితం దాని సంచీలోనే ఉంది, ఇంకా సంతకం పెట్టలేదు. స్టేజీ ఎడమ పక్క అరటిబాబు కళ్లజోడు మెరిపిస్తూ ఊగుతున్నాడు. లియావ్ మాస్టారు ఈ ఏటి విజయాలు ఒక్కొక్కటే చెబుతున్నాడు. "మా సంస్థ బలం ఏమిటంటే, మేము ప్రతి సమస్యకీ కారణం వెతుకుతాం" అన్నాడు.

నేను టీ పళ్లెం పట్టుకుని స్టేజీ వెనక్కి నడిచాను. చువాంగ్ ఎదురొచ్చాడు. నా పళ్లెంలోంచి ఒక కప్పు తీసుకుని, "థాంక్సండీ అక్కా" అని పక్కకి జరిగి దారిచ్చాడు కూడా. జాకెట్టు మహిమ.

గాలి యంత్రం బర్రున తిరుగుతోంది. దాని నెత్తిన ఏ పొట్లమూ లేదు. నేను తెచ్చింది పెట్టాను. ఆకుపచ్చది, పొద్దున్నే కొన్నది, గడువు బోలెడుంది. జారిపోకుండా రబ్బరు బ్యాండు వేశాను. ఆ తర్వాత ప్లగ్గు పీకాను.

గాలిబొమ్మ కూలడం మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ముందు మెడ వాలుతుంది, ఏదో గుర్తొచ్చినట్టు. తర్వాత నడుం. అరటిబాబు నిదానంగా, మర్యాదగా వంగి లియావ్ మాస్టారికి నమస్కారం పెట్టి, అలాగే ఆయన మీద పడుకున్నాడు. కళ్లజోడు వచ్చి ఆయన నెత్తిమీద కూర్చుంది. పసుపురంగు గుడ్డ కింద నుంచి మైకులో వినపడింది: "ప్లగ్గు! ఎవరో ప్లగ్గు తన్నేశారు! చువాంగ్, ప్లగ్గు చూడవయ్యా!"

చువాంగ్ టీ కప్పు పడేసి సూటిగా సాకెట్టు దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. అక్కడ ప్లగ్గు చేతిలో పట్టుకుని నేను నిలబడి ఉన్నాను.

"ఇదేం పనక్కా! గుచ్చండి, గుచ్చండి!"

"ఆగు నాయనా. ముందు పొట్లం చూడు. గడువు దాటిందేమో."

"పొట్లమేంటి? ప్లగ్గు మీ చేతిలోనే ఉందిగా!"

ఆ మాట కోసమే నేను పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నది. ప్లగ్గూ పొట్లమూ రెండూ పట్టుకుని స్టేజీ మీదికి వెళ్లాను. లియావ్ మాస్టారు అరటిబాబు కాళ్ల మధ్యనుంచి బయటికి వస్తున్నాడు. జుట్టు చెదిరింది. జనం నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"మాస్టారూ, మా అమ్మాయి ఫ్రీజరు ఆగితే మీరంతా స్టూలెక్కి పొట్లం గడువు చూశారు. ఈ బొమ్మ ఆగితే ఒక్కరూ పొట్లం చూడలేదేం? అప్పుడే ప్లగ్గు ఎలా గుర్తొచ్చింది? బొమ్మ మీది, ఫ్రీజరు దానిది, అందుకనా?"

"అమ్మా, ఇది సందర్భం కాదు," అన్నాడాయన, మైకుకి చెయ్యి అడ్డుపెట్టి.

"సందర్భం ఏముంది మాస్టారూ, కారణం వెతుకుతున్నాం. ఈ బొమ్మకి గాలి కొట్టడానికే ఆ రోజు ఫ్రీజరు ప్లగ్గు పీకారు. అది అరిస్తే నోరు నొక్కారు. నాలుగేళ్ల మట్టి నీళ్లైపోయింది. చనిపోయిన మనిషి తోటది కూడా ఉంది అందులో. తప్పు మాత్రం దానిదని రాసి సంతకం పెట్టమంటున్నారు!"

మొదటి వరసలో పొట్టిజుట్టు ఆవిడ రాయడం ఆపి తలెత్తింది. "ఏ ఫ్రీజరు?" అంది.

ఫోన్ తీసి ఫోటో చూపించాను. పేజీలోంచి తీసేశారు గాని నేను ముందే దాచుకున్నాను. నిజం చెప్పొద్దూ, అందులో నా జుట్టు బాగా వచ్చింది. ఆవిడ ఫోటోని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. నారింజ తీగ మీద, నల్ల ప్లగ్గు మీద ఆగింది. తర్వాత లియావ్ మాస్టారి వైపు తిరిగి, "దీనికి జవాబు రాసి పంపండి" అంది. గొంతు పెంచలేదు.

చివరి వరసలోకి చూశాను. అయూన్ కుర్చీ ఖాళీ.

ఇంటికి వెళ్లాక నా మీద విరుచుకుపడింది. "నా తరఫున మాట్లాడమని నిన్నెవరు అడిగారు? రేపు ఆ బిల్డింగులోకి నేనెలా వెళ్లను? నన్ను చూస్తే అందరికీ అరటిబొమ్మే గుర్తొస్తుంది!" అంది. నాకూ ఒళ్లు మండింది. "అయితే పెట్టుకో సంతకం!" అన్నాను. మా ఆయన మా ఇద్దరి మధ్య అన్నం గిన్నె పెట్టి, తన గిన్నె తీసుకుని టీవీ ముందుకి పోయాడు.

మర్నాడు లియావ్ మాస్టారు కబురు పంపాడు, అమ్మాయినీ నన్నూ ఇద్దర్నీ రమ్మని. మంచి ఊలాంగ్ టీ పోశాడు. బొమ్మ సంగతి ఎత్తలేదు. కొత్త కాగితం ఒకటి బల్లమీద జరిపాడు.

"చూడమ్మా అయూన్, నీ పేరు తీసేశాను. 'తాత్కాలిక విద్యుత్ అంతరాయం వల్ల నమూనాలు పాడైనవి' అని రాశాను. ఎవరికీ నష్టం లేదు. స్టైపెండ్ ఆగదు, ఇంకో ఏడాది గడువిస్తాను. ఇద్దరం సంతకం పెట్టి పంపేద్దాం."

నేను నోరు తెరిచాను. బల్ల కింద అయూన్ నా కాలు తొక్కింది, బాగా గట్టిగానే. కలం తీసుకుని 'అంతరాయం' అన్న మాట మీద అడ్డంగా గీత గీసింది.

"అంతరాయం కాదు మాస్టారూ. పీకారు."

"అదే కదా, మాట తేడా..."

"కాదు సార్. అంతరాయమంటే పైనుంచి వచ్చింది, ఎవరిదీ కాదు. పీకడమంటే ఒక మనిషి వంగి చెయ్యి పెట్టాడు. ఫ్రీజరు అరిచింది, రెండోసారి చెయ్యి పెట్టి నోరు మూయించాడు. ఆ మనిషికి పేరుంది. చెయ్యమన్నవాళ్లకీ పేరుంది. సోమవారం మళ్లీ గుచ్చి చెప్పకుండా ఊరుకున్నారు. ఇవి మూడూ రాయండి, సంతకం పెడతాను."

అంత మెల్లగా అంత కోపంగా మాట్లాడ్డం ఎక్కడ నేర్చుకుందో! నా దగ్గర కాదు. నేను కేకలేస్తాను.

"నాలుగేళ్లు నా దగ్గర చదివావు," అన్నాడు మాస్టారు.

"అందుకే సార్. కారణం తప్పు రాస్తే కొట్టెయ్యమని మీరే చెప్పారు."

ఆయన టీ కప్పు ఎత్తాడు, తాగకుండా దించాడు. కిటికీలోంచి కింద వాకిట్లో చుట్టిపెట్టిన అరటిబాబు కనిపిస్తున్నాడు, ఎండలో ఒక కన్ను పైకి. దాని వైపు చూసి కలం మూత తీశాడు. అది చెబుతుంటే రాశాడు. చువాంగ్ పేరు దగ్గర ఒకసారి, తన పేరు దగ్గర ఇంకోసారి ఆగాడు. అయూన్ ఆగలేదు.

సంతకాలయ్యాక అది లేచి ల్యాబులోకి వెళ్లి, సాక్ష్యమని ప్లాస్టిక్ సంచీలో కట్టిపెట్టిన ఆ పాత ఆకుపచ్చ పొట్లం పట్టుకొచ్చింది. బయట స్కూటర్ల దగ్గర నిలబడి సర్రున చింపింది.

"తినకూడదే," అన్నాను.

"ఫ్రీజరు మీదున్నంతవరకే."

ఒకటి నా నోట్లో పెట్టింది. కొంచెం మెత్తబడింది.

"ఏ తోటలు మిగిలాయి?" అని అడిగాను.

వేళ్ల మీద లెక్కపెట్టబోయి, చెయ్యి మూసేసింది. "హోంగ్ తాతది లేదు," అంది. పొట్లం నలిపి జేబులో కుక్కి, హెల్మెట్ పెట్టుకుంది. పారతో సహా దాని మట్టి సంచీ స్కూటరుకి తగిలించే ఉంది. నేనది వచ్చేటప్పుడు చూడనే లేదు.